ఉల్లిపాయలు హైలో వేయించాలా, సిమ్‌లో మగ్గించాలా? ఏది మేలు?

"ఉల్లిపాయలు ఎర్రగా వేగేదాకా 5 నిమిషాలు వేయించండి" అని ప్రతి వంటలోనూ రాస్తారు కదా, మరి మాకెందుకు 5 నిమిషాలైనా ఇంకా తెల్లగానే ఉంటున్నాయి అని అడిగేవాళ్ళు ఈమధ్య మరీ ఎక్కువయ్యారు. మా చెల్లిది కూడా ఇదే గొడవ, "మంట పెంచితే మాడుతున్నాయి, తగ్గిస్తే ఉడికిపోతున్నాయి, ఇంతకీ ఎలా చెయ్యాలక్కా" అని ఫోన్. తప్పు మీది కాదండీ, ఆ 5 నిమిషాలు రాసినవాళ్ళది. అంతసేపట్లో మెత్తబడతాయి, అంతే, ఎరుపు రాదు.

సరే చూద్దాం అని పోయిన ఆదివారం రెండు మూకుళ్ళు పెట్టా. రెండిట్లో 3 మీడియం సైజు ఉల్లిపాయలు, ఒకేలా తరిగినవి, రెండేసి స్పూన్ల నూనె. ఒకటి హైలో, ఒకటి సిమ్‌లో, పక్కన ఫోన్లో టైమర్.

హైలో పెట్టినవి 8 నిమిషాలకి అంచుల్లో రంగు తిరిగాయి, బాగానే ఉంది అనుకునేలోపు 12వ నిమిషానికి సగం ముక్కలు నల్లగా, సగం తెల్లగా, ఒక్క క్షణం గరిటె వదిలితే చాలు మాడు వాసన. సిమ్‌లో పెట్టినవి పావుగంటైనా పాలిపోయే ఉన్నాయి, అరగంటకి లేత గోధుమ రంగు, 45 నిమిషాలకి జామ్ లాగా అయ్యి మూకుడులో ఓ మూలకి వచ్చాయి. రుచి చూస్తే మాత్రం ఇది ఉల్లిపాయేనా అన్నంత తీపి.

ఎందుకిలా అంటే, ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీళ్ళే. ఆ నీళ్ళు ఉన్నంతసేపు మీరు మంట ఎంత పెట్టినా ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, బాగా రంగు రావాలంటే 140 దాకా వెళ్ళాలి. అంటే నీళ్ళు పోతే గానీ రంగు రాదు. హైలో పెడితే పల్చటి అంచుల్లో నీళ్ళు ముందే ఇగిరిపోయి అవి మాడతాయి, మధ్యలో మందంగా ఉన్నచోట మాత్రం ఇంకా తడే. అందుకే నన్నడిగితే ఇది హైయా సిమ్మా అన్న లెక్క కాదు, లోపలి నీళ్ళు అన్ని ముక్కల్లోంచీ సమానంగా పోతున్నాయా లేదా అన్నదే లెక్క.

అలాగని హై పనికిరాదని కాదు. ఆమ్లెట్‌లోకి, వేపుళ్ళలోకి, అంటే పంటికింద కాస్త కరకరలాడాలి, ఘాటు కూడా కొంచెం మిగలాలి అనుకున్నచోట హైలో 4-5 నిమిషాలు చాలు, అక్కడ ఎర్రగా రావాల్సిన పనే లేదు. కాకపోతే మూకుడు నిండా కుక్కకండి, వేగే బదులు వాటి నీళ్ళలో అవే ఉడుకుతాయి.

గ్రేవీ కూరలకి మాత్రం హై వద్దే వద్దు. ఇంకో సంగతి, చాలామంది ఉల్లిపాయలు సగం వేగగానే తొందరపడి టమాటా వేసేస్తారు. పులుపు తగిలిందంటే ఉల్లిపాయ ముక్క ఇక తొందరగా మెత్తబడదు, ఆ తర్వాత ఎంతసేపు ఉడికించినా కూరలో ముక్కలు ముక్కలుగా తగులుతూనే ఉంటాయి. నేను ఏళ్ళ తరబడి ఇది ఉల్లిపాయల రకం తేడా అనుకుని కొట్టువాణ్ణి తిట్టుకున్నా, పాపం.

మరి రోజూ 45 నిమిషాలు స్టవ్ దగ్గర ఎవరు నిలబడతారు? నేనూ నిలబడను. నేను చేసేది రెండూ కలిపి. తరిగిన ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పు, అర గ్లాసు కంటే తక్కువ నీళ్ళు, మూతపెట్టి మీడియంలో 10 నిమిషాలు. నీళ్ళు పోగొట్టాలంటూ మళ్ళీ నీళ్ళు పోయడమేంటి అంటారేమో, ఆవిరికి ముక్కలన్నీ ఒకేలా మెత్తబడి లోపలి నీళ్ళు వదిలేస్తాయి, ఒకటి ముందూ ఒకటి వెనకా ఉండదు. తర్వాత మూత తీసి, ఆ నీళ్ళు ఇగిరాక నూనె వేసి మంట కొంచెం పెంచడమే. అడుగున గోధుమరంగు పొర అంటుకుంటుంది చూడండి, అది మాడు కాదు, అసలు రుచంతా అక్కడే ఉంది, ఒక్క స్పూను నీళ్ళు చిలకరించి గరిటెతో గీకితే కరిగి ముక్కలకి పట్టేస్తుంది. ఇలా మూడు నాలుగు సార్లు. మొత్తం 25 నిమిషాల్లో అయిపోతుంది, అందులో మొదటి 10 నిమిషాలు మనం అక్కడ ఉండక్కర్లేదు కూడా.

వంటసోడా చిటికెడు వేస్తే తొందరగా రంగొస్తుంది, నిజమే, కానీ ముక్క అనేదే మిగలదు, చెయ్యి కాస్త జారితే సబ్బు రుచి. నేను వెయ్యను.

పచ్చి ఉల్లిపాయ ముద్ద సంగతి అడుగుతారు. మిక్సీలో వేసి అలాగే ఉంచితే చేదెక్కుతుంది, నలిగేకొద్దీ ఘాటు పెరుగుతుంది కాబట్టి. ముందు 5 నిమిషాలు ఉడికించి చల్లార్చి రుబ్బితే ఆ బాధ లేదు. పచ్చిగా తినడానికైతే తరిగి 10 నిమిషాలు చల్లటి నీళ్ళలో వేసి వడకట్టుకోండి. ఓవెన్ ఉన్నవాళ్ళు తొక్కతోనే గంటసేపు కాల్చుకోవచ్చు, బాగుంటాయి.

తరిగే తీరు కూడా తేడా చేస్తుంది. వేరు దగ్గర్నుంచి కొన దాకా నిలువుగా చీరితే ముక్క విడిపోకుండా నిలబడుతుంది, అడ్డంగా చక్రాల్లా కోస్తే తొందరగా కరిగిపోతుంది. గ్రేవీకి అడ్డం, వేపుడుకి నిలువు.

నేనైతే సెలవు రోజు కిలో ఉల్లిపాయలు ఒకేసారి ఇలా మగ్గించేసి ఐస్ ట్రేలో పెట్టి ఫ్రీజర్లో పడేస్తా. వారం మధ్యలో పప్పులోకో గుడ్డులోకో సూప్‌లోకో రెండు గడ్డలు వేస్తే చాలు, అప్పటికప్పుడు అరగంట వేయించిన రుచి వచ్చేస్తుంది.

నిన్న చెల్లి ఫోటో పంపింది, రంగు చక్కగా వచ్చింది. కింద మాత్రం "మూడు ఉల్లిపాయలు వేశా, ఇంతేనా మిగిలింది?" అని. ఇంతే మరి, పావు వంతే మిగులుతాయి. ఈసారి మూకుడు నిండా వేసి మూతపెట్టమన్నా, ఈ పద్ధతిలో ఎన్ని కుక్కినా ఫర్వాలేదు.