డిఫరెన్షియల్ ఆయిల్ కొనేవారికి హెచ్చరిక: అంకెతో పాటు యూనిట్ కూడా చూడండి

ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే చిన్న) కార్లకు డిఫ్ ఆయిల్, అంటే చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ గేర్లలో పోసే ఆయిల్, ఆన్‌లైన్‌లో తెప్పించుకునే మిత్రులందరూ దయచేసి దీన్ని ఒకసారి చదవండి. 1/8 స్కేల్ (అసలు బండిలో ఎనిమిదో వంతు సైజు) బగ్గీలో ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే సెంటర్ డిఫ్ కోసం నేను 7000 సీఎస్‌టీ సిలికాన్ ఆయిల్ ఆర్డర్ పెట్టాను; ప్రకటనలో యూనిట్‌తో సహా అలాగే రాసి ఉంది. వచ్చిన సీసా మీద మాత్రం ఉత్త "7000" అని ఒక స్టిక్కర్ అతికించి ఉంది. దాని అంచును గోటితో లేపి చూస్తే, కింద అసలు లేబుల్ మీద "70 డబ్ల్యూటీ షాక్ ఆయిల్" అని కనిపించింది; షాక్ ఆయిల్ అంటే షాక్ అబ్జార్బర్లలో పోసేది. అమ్మకందారును అడిగితే "రెండూ ఒకటే సార్, చివర సున్నాలే తేడా" అని సమాధానం ఇచ్చారు.

ఒకటి కానే కాదు. సీఎస్‌టీ, అంటే సెంటీస్టోక్, ద్రవం చిక్కదనాన్ని కొలిచే అసలైన కొలమానం. గది ఉష్ణోగ్రత దగ్గర మంచినీళ్ల చిక్కదనం దాదాపు 1 సీఎస్‌టీ. డబ్ల్యూటీ అనేది షాక్ ఆయిల్ సీసాల మీద వాడుకలోకి వచ్చిన అంకె మాత్రమే, అదీ కంపెనీకో రకంగా ఉంటుంది. ఆర్‌సీ కార్ల కంపెనీ అసోసియేటెడ్ వారి లెక్కలో 30 డబ్ల్యూటీ అంటే 350 సీఎస్‌టీ, 40 అంటే 500, 80 అంటే 1000. ఈ లెక్కన 70 డబ్ల్యూటీ ఆయిల్ 1000 సీఎస్‌టీని కూడా అందుకోదు. 7000 ధర చెల్లించి అందులో ఏడో వంతు చిక్కదనమైనా లేని సరుకు తెచ్చుకున్నట్టు. పెద్ద కార్ల గేర్ ఆయిల్ మీద ఉండే 80డబ్ల్యూ-90 వంటి అంకెలు ఇంకో పద్ధతికి చెందినవి, వాటిని దీనితో పోల్చి ప్రయోజనం లేదు.

ఈ తేడా ట్రాక్ మీద వెంటనే తెలుస్తుంది. సెంటర్ డిఫ్‌లో ఆయిల్ పలచబడితే, థ్రాటిల్ నొక్కగానే బరువు వెనక్కి వెళ్లి తేలికైన ముందు చక్రాల వైపుకే శక్తి అంతా జారిపోతుంది. అవి ఊరికే గిర్రున తిరిగి టైర్లు ఉబ్బుతాయి, బండి మాత్రం ముందుకు దూకదు. అదే అమ్మకందారు దగ్గర కొని, చూసుకోకుండా పోసేసిన మా తోటి ఆటగాడి బగ్గీకి సరిగ్గా ఇదే జరిగింది. పాపం, ఆయన తప్పంతా టైర్లదే అనుకుని కొత్త జత కూడా కొన్నారు. 1/8 బగ్గీలకు చాలామంది ముందు 5000, మధ్య 7000, వెనక 3000తో మొదలుపెట్టి, అక్కడి నుంచి ట్రాక్‌ను బట్టి మార్చుకుంటారు. వాళ్లు 5-7-3 అన్నా, 7కె అన్నా వేలల్లో సీఎస్‌టీ అనే అర్థం.

సీల్ తీయకముందే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. చిక్కదనం కచ్చితంగా తెలిసిన పాత సీసా ఉంటే, అదే సైజు కొత్త సీసాను దాని పక్కన పెట్టి, రెంటిలోనూ పైన ఇంచుమించు ఒకే అంత ఖాళీ ఉందేమో చూసి, రెండూ ఒకేసారి తలకిందులు చేయండి. నేను చేసినప్పుడు కొత్త సీసాలో గాలిబుడగ చప్పున పైకి చేరిపోయింది, పాత 7000 సీసాలో అది ఇంకా మెడ దగ్గరే బద్ధకంగా సాగుతూ ఉంది. రెండు సీసాలూ ఒకే గదిలో కాసేపు ఉంచాక చూడాలి, ఎందుకంటే ఎండలో తిరిగి వచ్చిన పార్సిల్‌లో ఆయిల్ కొంత పలచబడే ఉంటుంది.

డబ్బు వాపసు అడిగితే, "లేబుల్ చింపారు కాబట్టి కుదరదు" అన్నారు. అందుకని పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసుకోండి, స్టిక్కర్ మీద స్టిక్కర్ కనిపిస్తే దాన్ని లేపకుండానే ఫిర్యాదు పెట్టండి, ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. నాకు సమాధానం ఇచ్చిన మర్నాటికే ఆ ప్రకటనలో సీఎస్‌టీ అన్న మాట మాయమైంది. ఇప్పటికే పోసేసినవారు డిఫ్ విప్పి, పాత ఆయిల్ ఒంపేసి, గేర్లను మోటర్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి, గ్యాస్కెట్ నలిగి ఉంటే మార్చి, సరైన ఆయిల్‌ను లోపలి చిన్న గేర్లను పట్టి ఉంచే అడ్డ పిన్నులు మునిగేంత వరకు పోసి బిగించుకోవాలి.