మా మామిడి తోపులో వాననీటి కొలతలు: అమర్చిన సేవపై సమీక్ష

పాకాల దగ్గర ఎర్ర గరప నేలలో మాకు నాలుగు ఎకరాల తోతాపురి తోపు ఉంది. కురిసిన వానలో ఎంత పారిపోతోందో, చెట్లకు ఎంత దక్కుతోందో తెలుసుకోవాలని, తిరుపతిలో ఈ పరికరాలు అమర్చే ఒక సంస్థ చేత ఈశాన్య రుతుపవనాలకు ముందే వర్షమాపకాన్ని, పల్లపు మూలన నీరు బయటికి పోయే కాలువలో 90 డిగ్రీల వీ-నాచ్ రేకును (V ఆకారపు గాడి ఉన్న అడ్డురేకు; గాడిలో నీటి ఎత్తును బట్టి ఎంత పారుతోందో లెక్కిస్తారు), రోజుకు ఎంత నీరు ఆవిరైందో చూసే ఒక ఆవిరి తొట్టిని పెట్టించుకున్నాను.

వర్షమాపకం పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. చెట్ల కొమ్మలు అడ్డురాని చోట దిమ్మె కట్టి, పై అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా బిగించి, రోజూ ఉదయం 8:30కి చదవమన్నారు. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన అంటే 1 లీటరు కనుక, 40 మిల్లీమీటర్లు పడిన రోజు మా తోపు మీద దాదాపు 6.5 లక్షల లీటర్లు కురిసినట్టు.

బాధ కలిగించింది వీ-నాచ్ విషయమే. కొలబద్దను రేకుకే అతికించి వెళ్లారు. వాన జోరుగా ఉన్నప్పుడు గొడుగు పట్టుకుని నిలబడి చూస్తే, ఎర్రనీరు రేకును సమీపించేసరికి మట్టం కిందికి వంగి దూకుతోంది; అక్కడ చదివిన ఎత్తు అసలుకన్నా తక్కువే వస్తుంది. నీటి ఎత్తుకు కనీసం నాలుగింతల దూరం ఎగువన కొలబద్ద ఉండాలి. ఇది చిన్న తేడా కాదు: 10 సెంటీమీటర్ల ఎత్తుకు సెకనుకు సుమారు 4.4 లీటర్లు పారితే, 9 అని చదివినప్పుడు లెక్క 3.4 లీటర్లకు పడిపోతుంది. వానలోంచి పారిన నీటిని తీసివేసి మిగిలినదాన్ని చెట్లు వాడుకున్నట్టు వారి పట్టిక చూపుతుంది కాబట్టి, ఇక్కడి తప్పంతా చెట్ల ఖాతాలో చేరింది. అడిగిన రెండు వారాలకు వచ్చి, మారు మాట్లాడకుండా కొలబద్దను ఎగువకు మార్చారు గానీ, అంతకుముందు పడిన రెండు పెద్ద వానల కొలతలు మాకు దక్కలేదు.

వేళ్లకు అందకుండా లోతుకు దిగిపోయే నీటికి ఆ పట్టికలో గడే లేదు. అందుకే చెట్ల వాడకానికి నేను ఆవిరి తొట్టినే నమ్ముతున్నాను. వాన లేని రోజున తొట్టిలో 6 మిల్లీమీటర్లు తగ్గితే, తొట్టిలో ఆవిరి పొలంలోకన్నా ఎక్కువ కాబట్టి వేసే 0.7 గుణకంతో 4.2 మిల్లీమీటర్లు వస్తుంది, చెట్ల వాడకం తేలాలంటే దాన్ని మళ్లీ మామిడి పంట గుణకంతో (పంటను బట్టి మారే సంఖ్య) హెచ్చించాలి. కాకులు, కుక్కలు నీళ్లు తాగకుండా తొట్టిపై వల కప్పి ఇచ్చారు, అది మంచి పని.

నీరంతా ఒకే కాలువగుండా బయటపడే తోపులకు ఈ సేవ పెట్టిన డబ్బుకు తగినదే. నీరు మూడు నాలుగు చోట్ల గట్టు దాటే పొలమైతే, ముందు గట్లు సరిచేసుకుని ఆ తర్వాతే వారిని పిలవండి.