రోడ్డు సగం సగం వేస్తే మేలా, మొత్తం మూసి వేస్తే మేలా?

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నెలరోజులుగా ఇదే పంచాయితీ. కర్నూలులో మా వైపు ఇంకో రోడ్డుకు తారు వేస్తారని తెలిసిన దగ్గర్నుంచి, "అన్నా, ఈసారి సగం సగం వేయమందామా, మొత్తం మూసేయమందామా?" అని కనపడినోళ్ళంతా నన్నే అడుగుతున్నారు. నేనేమీ ఇంజనీరును కాను. ఏడాది తిరక్కుండా రెండు రకాల పనులూ మా ఇంటి దగ్గరే జరిగాయి, రెండుసార్లూ బస్సు కోసం ఎండలో నిలబడ్డాను. నాకున్న అర్హత అంతే.

మొదట పెద్ద రోడ్డు వేశారు, సగం సగం. 19 రోజులు పట్టింది. తర్వాత ట్యాంకు రోడ్డు, రెండు పక్కలా డ్రమ్ములు అడ్డం పెట్టి మూసేసి వేశారు. 6 రోజుల్లో అయిపోయింది. పొడవు రమారమి ఒకటే. రెండింటి మీదా పల్లెవెలుగు బస్సులు తిరుగుతాయి.

సగం సగం అంటే వినడానికి బాగుంటుంది. ఒక పక్క పని, ఒక పక్క బండ్లు. అంగళ్ళు మూతపడవు, అంబులెన్సు ఆగదు, ఎవరి గేటు ముందూ వారం రోజులు గుంత ఉండదు. పెద్దాసుపత్రికి ఎమర్జెన్సీగా పోవాల్సిన ఇంటివాళ్ళు మొత్తం మూయడానికి ఒప్పుకోకపోతే నేను వాళ్ళను తప్పుపట్టను. టిఫిన్ బండి ఆయనదీ అదే మాట. మూసిన 6 రోజులూ ఆయన దోసెపిండి మిగిలిపోయింది.

కానీ తారు సంగతి వేరు. కంకర కలిపిన తారు ప్లాంటు నుంచి దాదాపు 150 డిగ్రీల వేడితో వస్తుంది. అది 100 డిగ్రీల కిందికి దిగకముందే రోలర్ తొక్కడం అయిపోవాలి. సగమే వేసి ఆపితే ఆ అంచు చల్లారి గట్టిపడుతుంది. నాలుగు రోజుల తర్వాత పక్క సగం వేసినప్పుడు వేడిది చల్లదానికి సరిగా అతుక్కోదు. రోడ్డు నడిమధ్య నిలువునా గీత పడుతుంది. వానకు నీళ్ళు దిగేది అక్కడే, మొదట కంకర లేచేదీ అక్కడే. మొత్తం మూసినా తారు పరిచే పేవర్ మిషను ఒక్కో పట్టీగానే వేస్తుంది గానీ, పక్క పట్టీ అదే పూట పడుతుంది, ఈలోపు అంచును ఎవరూ తొక్కరు. మా పెద్ద రోడ్డు మీద ఆ గీత ఇప్పుడు చిటికెనవేలు పట్టేంత అయింది. నమ్మకపోతే వచ్చి పెట్టి చూడండి.

ఇంకొకటి కళ్ళారా చూశాను. కొత్త పొర వేసే ముందు పాత రోడ్డును ఊడ్చి ఎమల్షన్, అంటే నీళ్ళలో కలిపిన తారు, కొడతారు. కొట్టినప్పుడు కాఫీ రంగులో ఉంటుంది, కాసేపటికి నీరు విడిపోయి నల్లబడుతుంది. పాతదానికీ కొత్తదానికీ మధ్య జిగురు అదే. సగం సగం పనిలో ఆ కాసేపు ఆగేవాళ్ళు ఏరీ? కాఫీ రంగులో ఉండగానే స్కూటర్లు అడ్డదారిన దాని మీదుగా పోయాయి. జిగురు సగం టైర్లకు అంటుకుపోయింది. మిగిలింది మా చెప్పులకు అంటి ఇంట్లో బండల మీదికి వచ్చింది. మా ఆవిడ కొబ్బరినూనె పెట్టి రుద్దింది, మచ్చ ఇంకా ఉంది. దానికి తోడు వేసిన సగం, వేయని సగం మధ్య రెండు అంగుళాల మెట్టు. రాత్రిపూట ఆ మెట్టు మీద బైకు చక్రం జారి పడినవాళ్ళు మా వీధిలోనే ఇద్దరు.

ఇవన్నీ ఒక ఎత్తు. నా లెక్కలో మాత్రం తేల్చేది తారు కాదు, బస్సు యాడ ఆగుతుందన్నదే.

సగం సగం వేస్తే బస్సు మన రోడ్డు మీదే తిరుగుతుందనుకుంటాం. తిరగదు. ఉన్న ఒక్క సగంలో ఎదురెదురుగా రెండు పెద్దబండ్లు పట్టవు కాబట్టి పోయేటప్పుడు ఇటు, వచ్చేటప్పుడు చుట్టు తిప్పి అటు పంపిస్తారు. పని ముందుకు జరిగేకొద్దీ అదీ మారుతుంది. సోమవారం వేపచెట్టు దగ్గర ఎక్కితే, బుధవారం అక్కడ రోలర్ ఉంటుంది. మా ఇళ్ళల్లో పనికి వచ్చే ఒకామె పొద్దున ఏడున్నరకల్లా దిగాలి, మధ్యాహ్నం సీ-క్యాంప్ రైతుబజారులో కూరగాయలు తీసుకుని మళ్ళీ ఊరికి పోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగులో ప్రయాణం ఉచితం, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతికిస్తారు. ఆ టికెట్ చేతికి రావాలంటే ముందు బస్సు ఎక్కాలి కదా? ఒకరోజు నేనూ ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, నెమ్మదించింది, డ్రైవరు కిటికీలోంచి చెయ్యూపి, "ఈడ ఆపేది ల్యా తల్లీ, ముందరికి రా" అని పోనిచ్చాడు. ముందరంటే ఎంత ముందరో ఆయన చెప్పలేదు. సంచీతో ఆమె పరుగెత్తింది, అందలేదు. షేర్ ఆటోకు 20 రూపాయలు. రాకపోకలకు 40. అట్లా పది రోజులు పోయినా 400. ఉచితమని మిగిలిన డబ్బు కాస్తా ఆటోలకు పోయింది.

మొత్తం మూసినప్పుడు స్టాపు ఇంకా దూరమైంది, నిజమే. ట్యాంకు దగ్గర్నుంచి పెద్ద రోడ్డు మీది వేపచెట్టు దాకా నడవాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తిట్టుకుంటూ నడిచారు. కానీ ఆరు రోజులూ అదే వేపచెట్టు. రెండో రోజు నుంచి ఎవరూ ఎవరినీ అడగలేదు. దూరమైనా ఫరవాలేదు, యాడ నిలబడాలో తెలిస్తే చాలు అనేది నా పక్షం. అందుకే గ్రూపులో నా ఓటు మూసెయ్యడానికే, ఆసుపత్రికి ఒక సందు వదిలిపెడతామంటేనే.

రాత్రిపూట వేయమని కొందరంటున్నారు. ఎండాకాలం సగం ఊరు మిద్దెల మీద పడుకుంటుంది, తెల్లవార్లూ రోలర్ చప్పుడు వింటారా? సిమెంటు రోడ్డే వేయించుకుందామన్నవాళ్ళకూ ఒకటే మాట: కాంక్రీటు బలాన్ని లెక్కగట్టేది 28 రోజులకు, అందులో చాలా రోజులు తడపాలంటే నీళ్ళెవరిస్తారో ముందు చెప్పండి.

ఇక బోర్డుల విషయం. "రోడ్డు పని జరుగుచున్నది, సహకరించగలరు" అని రెండుసార్లూ పెట్టారు. ఏమని సహకరించాలి? బస్సు ఎక్కడ ఆగుతుందో అందులో లేదు. రాసినా కాగితాల మీది పేర్లు రాస్తారు, జనం నోట్లో ఉన్నవి రాయరు. 1953లో మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు పెట్టిన క్యాంపుల పేర్లే ఇప్పటికీ నోట్లో ఉన్నాయి, 1956లో రాజధాని హైదరాబాదుకు పోయినా సీ-క్యాంప్ సీ-క్యాంపే. మనం దారి చెప్పుకునేది అట్లా.

ట్యాంకు రోడ్డు మూసినప్పుడు టీ అంగడి ఆయనే నయం. బిస్కెట్ల పెట్టె చింపి, ఆ అట్ట మీద మార్కరుతో "బస్సు వేపచెట్టు కాడ" అని రాసి స్టాపు స్తంభానికి సుతిలితో కట్టాడు. పని అయిపోయి బస్సులు ట్యాంకు దగ్గరికే వస్తున్నాయి గానీ, అట్టను ఎవరూ విప్పలేదు. నిన్న కూడా ఊరికి కొత్తవాళ్ళెవరో దాన్ని చదివి, ఎండలో వేపచెట్టు దాకా నడిచిపోయారు.