గడ్డ ఒకటి, గడ్డి ఒకటి: రెండేళ్లు పెంచి చూసిన చిలగడదుంప, మాండో గ్రాస్

విజయవాడలో మా ఇంటికి దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి, మూడడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న రెండు మట్టి పట్టీలు ఉన్నాయి. ప్రహరీ గోడకూ ఇంటి గోడకూ నడుమ మిగిలిపోయిన ఆ నేలలో వానాకాలంలో తుంగ, వయ్యారిభామ మొలిచేవి; ఎండాకాలంలో దుమ్ము లేచేది. బండలు పరిపించడం ఇష్టం లేక, నేలను పచ్చగా కప్పి ఉంచే మొక్కలేవైనా వేద్దామని రెండేళ్ల కిందట రెండింటిని తెచ్చాను. ఒకటి తినే దుంప, రెండోది చూసి ఆనందించే గడ్డి. రెండింటినీ ఒకే కొలత నేలలో, ఒకే నీటితో పెంచి చూశాను కనుక, ఇలాంటి నేల ఉన్నవారికి నా అనుభవం పనికివస్తుందని రాస్తున్నాను.

మొదట పేర్ల సంగతి చెప్పాలి. కోస్తాలో మేము చిలగడదుంప అనేదాన్నే రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు, తెలంగాణలో చాలాచోట్ల కందగడ్డ అంటారు. మాకు కంద అంటే వేరే దుంప కాబట్టి, హైదరాబాదులో ఉండే మా మరదలు కందగడ్డ తీగలు పంపిస్తానన్నప్పుడు నేను కొంతసేపు తికమకపడ్డాను. రెండోదాన్ని నర్సరీల వారు మాండో గ్రాస్ అంటారు. పేరులో గడ్డి ఉన్నా, ఆకు గడ్డిపోచలా సన్నగా ఉన్నా అది గడ్డి జాతి కాదు, పిల్లిపీచర కుటుంబానికి చెందిన మొక్క. జపాన్, చైనా, కొరియా దేశాల్లో చెట్ల నీడన సహజంగా పెరుగుతుంది. చిలగడదుంప అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి మనకు వచ్చింది. మన చెరువుల్లో పెరిగే తూటికూరకు దగ్గరి చుట్టం. ఒకటి నీడలో పుట్టినది, మరొకటి ఎండలో పుట్టినది అన్న ఈ ఒక్క విషయం నాకు ముందే తెలిసి ఉంటే మొదటి ఏడాది వృథా అయ్యేది కాదు.

మాండో పిలకలను కడియం వైపు వెళ్లినప్పుడు అక్కడి ఒక నర్సరీలో కొన్నాను. కడియం, కడియపులంక, వేమగిరి ప్రాంతంలో గోదావరి కాలువ నీటిమీద నర్సరీలు వరసగా ఉంటాయి, ఎంపికకు లోటు ఉండదు. చిన్న నల్ల కవరు ఒక్కటి ఇరవై అయిదు రూపాయల చొప్పున నలభై తీసుకున్నాను. కవర్లన్నీ ఒకే ధర అయినా కొన్నింటిలో ఒకే పిలక, కొన్నింటిలో మూడు నాలుగు పిలకలు ఉన్నాయని ఇంటికి వచ్చి విప్పాక గమనించాను. కొనేవారు ఆకు పొడవు చూసి మోసపోకుండా, మొదలు దగ్గర వేలు పెట్టి పిలకలు లెక్కపెట్టి తీసుకోవడం మంచిది. మూడు పిలకల దుబ్బును వేళ్లతో సహా విడదీస్తే మూడు మొక్కలవుతాయి. మొక్కలు ఆరోగ్యంగానే ఉన్నాయి. కానీ ఎండలో అయినా నీడలో అయినా ఒకేలా పెరుగుతుందని అక్కడ చెప్పిన మాట మాత్రం మా ఊరి ఎండకు చెల్లలేదు. ఆ మాట నమ్మి నలభై కవర్లనూ దక్షిణపు పట్టీలో, రోజంతా ఎండ పడేచోట, జానెడు దూరంలో నాటాను.

చిలగడదుంపకు నర్సరీ అక్కరలేదు. మరదలు పంపిన తీగలను మూడు నాలుగు కణుపులు ఉండేలా జానెడున్నర ముక్కలుగా కోసి, రెండు కణుపులు మట్టిలో పోయేలా ఉత్తరపు పట్టీలో నాటాను. తీగలు దొరకనివారు బజారు నుంచి మంచి దుంప ఒకటి తెచ్చి తడి ఇసుకలో సగం పాతిపెట్టినా మొలకలు వస్తాయి, వాటిని తీగలుగా పెంచుకోవచ్చు. కూరగాయ కదా, ఇంటి ముందువైపు అందంగా ఉండదేమోనన్న సందేహంతో దాన్ని వెనక్కి, నీడలోకి నెట్టాను. ఆ సందేహం ఎంత తప్పో తర్వాత తెలిసింది.

మొదటి ఏడాది ఫలితం క్లుప్తంగా చెబుతాను. దక్షిణాన మాండో వానలకూ చలికీ చక్కగా ఉంది. మార్చి వచ్చేసరికి ఆకు కొనలు గోధుమరంగుకు తిరిగాయి. మే నెలలో రోజూ రెండు పూటలా నీరు పోసినా దుబ్బులు ఒక్కొక్కటే ఎండిపోయి, జూన్ నాటికి నలభైలో ఇరవై రెండు మిగిలాయి. ఉత్తరాన చిలగడదుంప నేల కనిపించనంత ఆకు వేసింది, వెలుతురు కోసం ప్రహరీ మీదికి కూడా పాకింది, కానీ నవంబరులో తవ్వితే చిటికెన వేలంత వేళ్లు తప్ప దుంప అన్నది లేదు. ఆకులో తయారైన పిండిపదార్థమే వేరులోకి దిగి దుంపవుతుంది. ఎండ చాలనప్పుడు తీగ ఉన్న శక్తినంతా ఆకుకే ఖర్చుపెట్టుకుంటుంది.

ఆ జూన్‌లో రెండింటినీ తారుమారు చేశాను. మిగిలిన మాండోను ఉత్తరానికి మార్చాను. డాబా మీద తొట్టిలో బతికించుకున్న తీగలను కోసి జులైలో దక్షిణాన వేశాను. ఇక్కడి నుంచే అసలు పోలిక మొదలవుతుంది.

చిలగడదుంప విషయంలో నేను చేసిన పెద్ద పొరపాటు ఎరువు. పెరడంటే చివికిన పశువుల ఎరువు ఎంత వేస్తే అంత మంచిదన్న అలవాటుతో నాలుగు బస్తాలు కలిపాను. నత్రజని ఎక్కువైతే ఈ పంట ఆకుకు పోతుంది. పైగా వానల్లో నేలమీద పాకే తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు దించి, ఎక్కడికక్కడ చిన్న చిన్న గడ్డలు కట్టడానికి చూస్తుంది. తల్లి మొదలు దగ్గర దుంప ఊరాలంటే పదిహేను ఇరవై రోజులకొకసారి తీగలను మెల్లగా ఎత్తి, ఆ వేళ్లను నేలనుంచి విడిపించి, మళ్లీ పరచాలి. ఇవి తెలియక ఆ పంటలో మూడు కిలోలే తీశాను. నవంబరు మొదట్లో రెండోసారి వేసినప్పుడు కొత్త ఎరువు వేయలేదు. నేలను అడుగు ఎత్తు బోదెలుగా చేసి, పొయ్యి బూడిద కలిపి, తీగలు ఎత్తిపరుస్తూ, నెలకొకసారి మొదళ్లకు మట్టి ఎగదోశాను. శివరాత్రికి వారం ముందు తవ్వితే ఏడు కిలోల పైచిలుకు దుంపలు వచ్చాయి. ముప్పై ఆరు చదరపు అడుగుల నేలకు అది మంచి రాబడి అని నా అభిప్రాయం.

మట్టి ఎగదోయడం దుంప ఊరడానికి మాత్రమే కాదు. దుంప లావెక్కినప్పుడు నేల బీటలు తీస్తుంది, ఆ బీటల్లోంచి ముక్కుపురుగు దిగి దుంపలో గుడ్లు పెడుతుంది. పురుగు తొలిచిన దుంపలో నల్లటి సొరంగాలు పడి, ఉడికించినా చేదు వాసన పోదు. అలాంటిదాన్ని పశువులకు కూడా పెట్టకూడదు. బీటలు కనిపించగానే మూయడం, దుంపలను నేలలో అవసరానికి మించి ఉంచకుండా నాలుగు నెలల లోపే తవ్వేయడం, ఒకేచోట వరుసగా ఇదే పంట వేయకపోవడం పెరటి తోటకు చాలినంత జాగ్రత్త. పందికొక్కుల బెడద ఉన్న వీధిలో మాత్రం ఇది కష్టమే. మాకు చివరి వారంలో రెండు మొదళ్లు వాటి పాలయ్యాయి.

తవ్విన రోజే వండుకుంటే దుంప చప్పగా ఉంటుంది. దెబ్బ తగలనివాటిని వేరుచేసి, కడగకుండా, గాలి ఆడే వెచ్చని నీడలో వారం పది రోజులు ఉంచితే గాయాలు మాని తోలు గట్టిపడుతుంది, పిండి కొంత చక్కెరగా మారి తీపి ఎక్కుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. ఆ చలికి లోపల గట్టిపడి, ఉడికించినా మెత్తబడదు. మా ఇంట్లో శివరాత్రి ఉపవాసం విడిచేటప్పుడు తొక్కతో ఉడికించిన దుంపలు ఆ పంటవే తిన్నాం. మిగిలినవి దప్పళంలోకి వెళ్లాయి. లేత ఆకు కొసలను తూటికూరలాగే పప్పులో వేసుకోవచ్చు. కూర కోసం తుంచినంత మాత్రాన తీగకు నష్టం లేదు గానీ, మరీ ఎక్కువ తుంచితే దుంప తగ్గుతుంది.

రకాల గురించి ఒక మాట. తిరువనంతపురంలోని శ్రీకార్యంలో 1963లో నెలకొన్న కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ భూ సోనా అనే నారింజరంగు కండ రకాన్ని, భూ కృష్ణ అనే ఊదారంగు కండ రకాన్ని రూపొందించింది. భూ సోనాలో వంద గ్రాములకు దాదాపు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. మన ఒంట్లో విటమిన్-ఎ తయారయ్యేది దానినుంచే. చిన్నపిల్లలున్న ఇళ్లవారు వీలైతే ఆ తీగలు సంపాదించుకోవాలని గట్టిగా చెబుతాను. నర్సరీల్లో మార్గరీటా వంటి పేర్లతో అమ్మే లేత పసుపుపచ్చ, ముదురు ఊదా ఆకుల తీగలు కూడా చిలగడదుంపలే, కానీ వాటిని ఆకు అందం కోసం ఎంచారు. దుంప ఊరినా రుచి ఉండదు. పైగా అలంకరణ మొక్కలకు ఏ మందులు కొట్టారో మనకు తెలియదు కాబట్టి వాటిని వంటింట్లోకి తేవద్దు.

ఇక ఉత్తరపు పట్టీ. నీడలోకి మారిన ఇరవై రెండు మాండో దుబ్బులు మొదటి ఆరు నెలలు ఉన్నచోట ఉన్నట్టే ఉన్నాయి. ఈ మొక్కకు ఓర్పు కావాలి. మట్టిలోపల సన్నని పాకుడు కాండాలతో పక్కకు విస్తరిస్తుంది గనుక పైన మనకేమీ కనిపించదు. ఏడాదికి ఒక్కొక్కటి అయిదారు పిలకలైంది, ఇప్పుడు మూడొంతులకు పైగా నేల కప్పింది. అడుగుకు మించని ఎత్తులో ముదురాకుపచ్చగా, ఒంగిన ఆకుల మీద వాన చినుకు నిలిచినప్పుడు ఆ ఇరుకు సందు చూడముచ్చటగా ఉంటుంది. కొరియన్ గ్రాస్‌లా కత్తిరించే పని లేదు, పురుగు లేదు, ఎరువు ఏడాదికి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు చాలు. బోరు నీటిలో ఉప్పదనం ఎక్కువైతే నీడలో కూడా కొనలు మాడతాయి; మున్సిపల్ నీటికి మార్చాక కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది. దీనిమీద నడవకూడదు, పిల్లలు ఆడుకునేచోట వేయకూడదు.

కలుపు తీయడంలో ఒక చిక్కు ఉంది. నేల పూర్తిగా కప్పుకునేదాకా దుబ్బుల మధ్య తుంగ మొలుస్తుంది, లేతప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. ఆకు సాగి నేల పైకి మూడంచుల కాడ వస్తే అది తుంగ. మాండోకు ఆకుల మొదలు తప్ప అలాంటి కాడ ఉండదు. మొదటి నెలల్లో తెలియక నాలుగైదు మంచి పిలకలు పీకేశాను. దుబ్బులు మార్చేటప్పుడు ఇంకొకటి చూశాను: మాండో వేళ్లకు కూడా వడ్లగింజకు కాస్త పెద్దవైన తెల్లటి చిన్న గడ్డలు ఉంటాయి. చైనా వైద్యంలో వాటిని ఎండబెట్టి మందుగా వాడతారు. మనకు ఆ వాడుక తెలియదు కాబట్టి ఇంట్లో ప్రయోగాలు చేయవద్దు, పిల్లలకు దాని నీలి కాయలు అందనివ్వవద్దు.

ఖర్చు చూస్తే మాండోకు వెయ్యి రూపాయలు ఒకసారి పెట్టాను, ఇక ఏళ్లకు ఏళ్లు అదే వస్తుంది. చిలగడదుంపకు డబ్బు ఖర్చు కాలేదు, ఏడాదికి రెండుసార్లు నా నడుము పని చేసింది. తవ్విన తర్వాత నేల నెలరోజులు బోసిగా కనబడుతుందన్నది నిజం. అయినా దక్షిణపు పట్టీ నిండా గుండె ఆకారపు ఆకులు, చలికాలంలో వాటిమధ్య లేత ఊదారంగు గరాటు పూలు విచ్చుకున్నప్పుడు వీధిలో వెళ్లేవారు ఆగి అది ఏ పూలతీగ అని అడిగారు. కూరగాయను ఇంటి ముందు పెట్టకూడదన్న ఆలోచన నాకు అప్పుడే పోయింది.

రోజుకు ఆరు గంటల ఎండ తగిలే నేలకు చిలగడదుంప, ఎండ కన్నెరగని సందులకు మాండో: నా సిఫారసు ఇంతే, వీటిని మార్చి వేయమని ఎవరికీ చెప్పను. పూటకు రెండు గంటల ఎండ మాత్రమే తగిలే మెట్ల పక్కకు ఏది నప్పుతుందని మా పక్కింటి అక్కగారు అడిగితే, మా ఉత్తరపు పట్టీలో ఒత్తుగా పెరిగిన దుబ్బులను విడదీసి పన్నెండు పిలకలు ఇచ్చాను. శ్రావణంలో నాటారు, ఇప్పటికి పదకొండు నిలదొక్కుకున్నాయి.