మారతహళ్లిలో ‘ఆఫర్ గ్యారంటీ’ కోచింగ్: డబ్బు కట్టేముందు ఇది చదవండి

బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్లకి చెబుతున్నా. ఇంటర్వ్యూ బాగా జరిగాక దాన్ని ఆఫర్‌గా మార్చి ఇస్తామని చెప్పే ఒక కోచింగ్ వాళ్లకి 38,000 రూపాయలు కట్టి మోసపోయాను.

నేను చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మూడేళ్ల అనుభవం. జీతం సరిగ్గా పడక వేరే చోట చూడటం మొదలుపెట్టాను. మూడు కంపెనీల్లో ఆఖరి రౌండ్ దాకా వెళ్లాను. మూడుసార్లూ నవ్వుతూ మాట్లాడి, ‘హెచ్‌ఆర్ కాల్ చేస్తారు’ అన్నారు. ఆ కాల్ రాలేదు. తెలియని నంబరు మోగినప్పుడల్లా గుండె దడదడలాడే ఆ రోజులు ఎలా ఉంటాయో పడినవాళ్లకే తెలుసు.

సరిగ్గా అప్పుడే ఆ కోచింగ్ వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. “మీది ప్రొద్దుటూరేనా పాపా? మాది జమ్మలమడుగు. నీకు సబ్జెక్టు ఉంది, ఆఖర్లో జారిపోతోంది, అంతే” అన్నాడాయన. మన యాస వినగానే నమ్మేశాను. అమ్మ చిట్టీ పాడి పంపిన డబ్బు రెండు విడతలుగా కట్టాను.

వాళ్ల ఆఫీసు గోడ నిండా ఫ్రేమ్ కట్టిన ఆఫర్ లెటర్లు. పేర్ల మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీతలు. రెండోసారి వెళ్లినప్పుడు దగ్గరికెళ్లి చూశాను. పక్కపక్కనే ఉన్న రెండు లెటర్ల మీద ఒకే రెఫరెన్స్ నంబరు, ఒకే తేదీ. అప్పటికే మొత్తం కట్టేశాను.

ఇచ్చిందల్లా పాత వీడియోలు, పావుగంట మాక్ ఇంటర్వ్యూలు రెండు, బట్టీ పట్టమని ఒక పీడీఎఫ్. వైట్‌ఫీల్డ్‌లో నాలుగో ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి’ అంటే ఆ పీడీఎఫ్‌లోదే చెప్పాను. “ఈ కథ ఈ వారంలోనే ఇంకొకరు చెప్పారే” అన్నారు ఇంటర్వ్యూ చేసినావిడ. నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

వాళ్లని నిలదీస్తే, మూడేళ్ల అనుభవాన్ని ఐదేళ్లు చేద్దాం, లెటర్ మేమిస్తాం అన్నారు. దయచేసి దీనికి మాత్రం ఒప్పుకోకండి. పీఎఫ్ యూఏఎన్‌లో (ఉద్యోగం మారినా మారని మన పీఎఫ్ నంబరు) మనం ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశామో ఉంటుంది. వెరిఫికేషన్‌లో అది చూస్తారు. చేరిన తర్వాత బయటపడినా ఉద్యోగం పోతుంది.

నేను ఒప్పుకోలేదు, డబ్బు వెనక్కి అడిగాను. రసీదు చూసుకోమన్నారు. అందులో ‘సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ ఫీజు, నాన్ రిఫండబుల్’ అని ఉంది. ఆఫర్ అనే మాటే లేదు. గ్యారంటీ అంతా నోటిమాటే.

నాకు పనికొచ్చింది మాత్రం ఒక మెయిల్. రెండో కంపెనీ రిక్రూటర్‌కి, ‘ఎంపిక కాలేదని అర్థమైంది, ఎక్కడ తగ్గానో చెబితే మేలు చేసినవారవుతారు’ అని రాశాను. ఆమె ఫోన్ చేసి ఐదు నిమిషాలు మాట్లాడారు. ప్రతిదానికీ నేను ‘మేం చేశాం’ అన్నానట, అందులో నా పని ఎంతో వాళ్లకి తెలియలేదు. నోటీసు పీరియడ్ అడిగితే ‘చూడాలి మేడం’ అన్నాను. ఇంకొకరు ఫలానా తేదీకి చేరతానని చెప్పారు, ఆఫర్ వాళ్లకి వెళ్లింది. నాకు టెక్నికల్‌గా లోటేమీ లేదని ఆమే అన్నారు. ఆ మాట విన్నాక చాలాసేపు ఏడ్చాను.

తర్వాతి ఇంటర్వ్యూకి నేను పట్టుకున్న ఒక బగ్ కథే చెప్పాను: పేమెంట్ పేజీలో బ్యాక్ నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అయ్యేది, దాన్ని ఎలా కనిపెట్టానో వివరంగా. చేరగల తేదీ ముందే మేనేజర్‌తో మాట్లాడి పెట్టుకున్నాను. లేచే ముందు ‘నిర్ణయం ఎప్పటికి తెలుస్తుంది’ అని అడిగాను. రెండు వారాల క్రితం ఆఫర్ వచ్చింది, కంపెనీ మెయిల్ ఐడీ నుంచే. ఎవరికీ రూపాయి ఇవ్వలేదు.

నా 38,000 ఇంకా రాలేదు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, కేసు రెండేళ్లలోపు వేయాలి. మీలో ఎవరైనా ఇలాగే కట్టి ఉంటే రసీదు, యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి. నాకు చెప్పండి, కలిసి వేద్దాం.