"బల్లికి వేసే పురుగులే కదా" అన్న మనిషి దగ్గర పట్టుపురుగులు కొనకండి

నిన్న సాయంత్రం 270 పట్టుపురుగులకు సున్నం చల్లి పెరట్లో పాతిపెట్టాను. ఎవరి దగ్గర కొన్నానో పేరు రాయడం లేదు కాని, పెంపుడు బల్లులకు మేత తెప్పించుకునే మనలో చాలామంది ఫోన్లలో ఆ నంబరు ఉంటుంది.

మా అబ్బాయి పెంచే బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లికి కొవ్వు తక్కువగా, మెత్తగా ఉండే మేత కావాలని 300 పురుగులకు 1,500 రూపాయలు ముందే పంపాము. మావారు పలాస వెళ్లి పార్సిల్ తీసుకుని పర్లాకిమిడి తెచ్చారు. బుధవారం పెట్టె విప్పినప్పుడు ఆకు నల్లబడి ఉన్నా ప్రయాణపు బడలికే అనుకున్నాను. అప్పుడే అనుమానించవలసింది.

గురువారం మధ్యాహ్నానికి పురుగులు మేత మాని తట్ట అంచు వెంబడి ఆగకుండా తిరగసాగాయి. ఒళ్లు వెదురు కణుపుల్లా ఉబ్బి, చర్మం నూనె రాసినట్లు మెరుస్తోంది. ఒకదాన్ని ఆకుతో సహా ఎత్తబోతే చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం నా వేలిమీద కారింది. అది పాలరోగం, పట్టుపురుగులకు వైరస్ వల్ల వచ్చే జబ్బు. సోకిన తరువాత బయటపడడానికి సాధారణంగా అయిదారు రోజులు పట్టే ఈ రోగం, మా ఇంటికి వచ్చిన రెండో రోజే కనిపించిందంటే అమ్మినాయన తట్టల్లోనే అంటుకుందన్నమాట.

ఫొటోలు పంపి ఫోన్ చేస్తే, మొదట "మీ ఒడిశా ఎండకు పోయుంటాయి" అన్నాడు. గదిలో థర్మామీటరు 26 డిగ్రీలు చూపిస్తున్నదని చెప్పాను. ఆకుకు పురుగుమందు చల్లారేమో అన్నాడు. ఆ మల్బరీ ఆకు మహేంద్రతనయ ఒడ్డున మా మామయ్యగారి దొడ్డిలోదని, అక్కడ ఏ మందూ కొట్టరని చెప్పాను. కాసేపు మాట లేదు. తరువాత, "ఎలాగూ బల్లికి వేసే పురుగులే కదా మేడమ్, చచ్చినా వేసేయండి" అన్నాడు. ఆ వైరస్ బల్లులకు సోకదని నాకూ తెలుసు. అయినా కుళ్లి నల్లబడి నీరుకారుతున్న పురుగును, బిడ్డలా సాకుతున్న ప్రాణి నోటికి ఎలా అందిస్తాము? మేత అమ్మి బతికే మనిషి నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. నేను ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాడు; సాయంత్రానికి నా నంబరు బ్లాక్ చేశాడు.

పరీక్ష చేసిన గుడ్ల నుంచి వచ్చిన పురుగులని ఆయన చెప్పిన మాట నమ్మి నేను మోసపోయాను. పాశ్చర్ 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో చూపిన పద్ధతిలో, గుడ్లు పెట్టిన తల్లి రెక్కలపురుగును సూక్ష్మదర్శిని కింద పరిశీలించే ఆ పరీక్ష, గుడ్డు ద్వారా సంక్రమించే పెబ్రిన్ రోగాన్ని పట్టుకోవడానికి. పాలరోగం ముఖ్యంగా కలుషితమైన ఆకు, తట్టల వల్ల అంటుకుంటుంది కనుక ఆ పరీక్ష దానికి హామీ కాదు. డబ్బు పంపకముందే ఈ తేడా తెలుసుకోకపోవడం నా తప్పు. మా డ్రాగన్ మూడు రోజులుగా గుమ్మడి తురుముతో, ఆకుకూరతో సరిపెట్టుకుంటోంది.

కొనేవారు వీలైతే గుడ్లే తెప్పించుకోండి. 25 డిగ్రీల దగ్గర దాదాపు పది రోజుల్లో పిల్లలు వస్తాయి. పురుగులే కొంటే వారం పాటు విడి తట్టలో ఉంచండి, రోగం కనిపించిన తట్టలను 2 శాతం బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లతో కడగండి. మావి కడిగి ఎండలో పెట్టాను. మిగిలిన 30 పురుగులను వేరే గదిలో ఉంచాను. ఈ ఉదయం వాటిలో రెండు తట్ట అంచెక్కి తిరుగుతున్నాయి.