వాతావరణ ప్యాకెట్టా, టెలిమెట్రీ ప్యాకెట్టా?

హ్యామ్ రేడియోలో, అంటే అభిరుచిగా నడిపే రేడియోలో, ఏపీఆర్ఎస్ అనే పద్ధతి ఉంది. ఇందులో స్టేషన్లు సమాచారాన్ని ప్యాకెట్లు అనే చిన్న డిజిటల్ సందేశాలుగా ప్రసారం చేస్తాయి. దీని ద్వారా సెన్సర్ రీడింగులు పంపడానికి రెండు దారులున్నాయి.

మొదటిది వాతావరణ ప్యాకెట్. ఇందులో ఏ అంకె దేనిదో ముందే ఖాయం. టి077 అంటే 77 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 25 సెల్సియస్. బి10132 అంటే 1013.2 మిల్లీబార్ల పీడనం. తేమకు రెండంకెల చోటే ఉంది కాబట్టి 100 శాతాన్ని హెచ్00 అని రాస్తారు. ఇది తెలియక ప్రోగ్రాం రాస్తే జోరువానలో తేమ సున్నా అని చూపిస్తుంది! ఉష్ణోగ్రతకు ఫారెన్‌హీట్, గాలి వేగానికి మైళ్లు, వానకు అంగుళంలో వందో వంతులు, ఈ గోల చికాకే. అయినా విన్న ప్రతి స్టేషనూ వెంటనే అర్థం చేసుకుంటుంది.

రెండోది టెలిమెట్రీ ప్యాకెట్, అంటే ఏ కొలతనైనా దూరానికి పంపేది. ఇందులో స్వేచ్ఛ ఎక్కువ: ఐదు అనలాగ్ విలువలు, ఎనిమిది ఆన్-ఆఫ్ బిట్లు. కానీ పాత పద్ధతిలో ఒక్కో విలువ 0 నుంచి 255 లోపే ఉండాలి. 131 వచ్చిందనుకోండి, దాన్ని సగం చేసి 40 తీసేస్తే 25.5 డిగ్రీలు. ఆ లెక్క, పేర్లు, యూనిట్లు వేరే సందేశాల్లో వెళ్తాయి. అవి అందనివాళ్లకు 131 ఉత్త 131గానే కనిపిస్తుంది. పైగా అర డిగ్రీ కన్నా సన్నని తేడా కావాలంటే కొలిచే పరిధి కుదించుకోవాల్సిందే. తర్వాత వచ్చిన బేస్-91 పద్ధతిలో (అంకెలను 91 రకాల గుర్తులతో కుదించి రాసేది) 8280 దాకా పోవచ్చు, అది వేరే సంగతి.

గాలి, వాన, పీడనాలకైతే నా ఓటు వాతావరణ ప్యాకెట్‌కే. బ్యాటరీ వోల్టేజి, సోలార్ కరెంటు, పెట్టె మూత తెరుచుకుందా లేదా వంటివి టెలిమెట్రీకి వదిలేయండి. ఒకే స్టేషన్ రెండూ పంపొచ్చు, కాకపోతే ఛానల్ అందరిదీ కాబట్టి కాస్త ఎడం ఇచ్చి పంపండి.